పెప్పర్‌డైన్ కాలేజీ గోల్ఫ్ సీజన్‌నీ, అక్కడ ఆడి వెళ్లినవాళ్లనీ ఇంటి నుంచే ఫాలో అవ్వడం ఎలా?

అమెరికాలో ప్రో గోల్ఫ్ ఆడే మన తెలుగు కుర్రాడు సాహిత్ తీగల టీవీలో కనపడ్డ ప్రతి ఆదివారం నాకు అవే మెసేజ్‌లు. మనోడు ఏ కాలేజీలో ఆడాడు, ఆ టీమ్ ఇప్పుడెలా ఆడుతోంది, అతనితో ఆడినవాళ్లంతా ఏమయ్యారు, ఇవన్నీ ఎక్కడ చూడాలి అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి మొత్తం ఒకచోట రాసేస్తున్నా. సాహిత్ వాళ్ల అమ్మానాన్నలది హైదరాబాద్, అతను పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో, చదివింది మాలిబులో సముద్రం ఒడ్డున ఉండే పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో. ఆ టీమ్ పేరు వేవ్స్. చిన్న యూనివర్సిటీయే గానీ మగవాళ్ల గోల్ఫ్‌లో రెండు నేషనల్ టైటిల్స్ ఉన్నాయి, ఒకటి 1997లో, ఇంకోటి 2021లో.

ముందే ఒక మాట. ఇది క్రికెట్ ఫాలో అయినట్టు ఉండదు. సీజన్‌లో ఎక్కువ టోర్నమెంట్లు టీవీలో రావు, కామెంటరీ ఉండదు, మీకు దొరికేది ఒక నంబర్ల పట్టిక మాత్రమే. దాన్ని చదవడం వస్తే మాత్రం మజా వేరే లెవెల్.

ఏమేం కావాలి

- ఫోన్‌లో ఒక షీట్, లేదా ఒక నోట్‌బుక్. నేనైతే నోట్‌బుక్కే వాడతా.
- పెప్పర్‌డైన్ అథ్లెటిక్స్ అఫీషియల్ సైట్. షెడ్యూల్, రోస్టర్, పాత రిజల్ట్స్ అన్నీ అందులోనే ఉంటాయి.
- స్కోర్‌బోర్డ్ అనే సైట్, క్లిప్‌డ్ అనే కంపెనీది. కాలేజీ గోల్ఫ్ లైవ్ స్కోర్లు, ర్యాంకింగ్స్ ఇప్పుడు అందులోనే వస్తున్నాయి.
- పీజీఏ టూర్ యాప్. అమెరికాలో మగవాళ్ల ప్రో గోల్ఫ్‌లో పైమెట్టు పీజీఏ టూర్. దాని కింది మెట్లు కార్న్ ఫెర్రీ టూర్, ఆ తర్వాత పీజీఏ టూర్ అమెరికాస్, వాటి స్కోర్లు కూడా పీజీఏ టూర్ వాళ్ల దగ్గరే దొరుకుతాయి.
- వారానికి అరగంట ఓపిక. అంతే.

డబ్బులు కట్టాల్సిన పని లేదు, స్కోర్ల వరకు అన్నీ ఫ్రీ.

స్టెప్ 1: సీజన్ ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో ముందు రాసుకోండి

కాలేజీ గోల్ఫ్ సీజన్ రెండు ముక్కలు. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఫాల్, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో మొదలై మే చివరి దాకానో జూన్ మొదటి దాకానో స్ప్రింగ్. మధ్యలో రెండు నెలలు ఏమీ ఉండదు, అప్పుడు సైట్ పని చెయ్యట్లేదనుకుని నాకు మెసేజ్ పెట్టకండి. అఫీషియల్ సైట్‌లో షెడ్యూల్ తీసి టోర్నమెంట్ పేరు, కోర్సు పేరు, ఊరు, తేదీలు నాలుగూ రాసుకోండి. కోర్సు, ఊరు ఎందుకంటే టైమ్ లెక్కకి కావాలి, అది కింద చెప్తా.

పెప్పర్‌డైన్ వాళ్లే హోస్ట్ చేసే టోర్నమెంట్ సౌత్‌వెస్టర్న్ ఇన్విటేషనల్, వెస్ట్‌లేక్ విలేజ్‌లో నార్త్ రాంచ్ కంట్రీ క్లబ్‌లో జరుగుద్ది. దానితో మొదలుపెడితే బాగుంటది, ఎందుకంటే హోస్ట్ టీమ్ కాబట్టి వాళ్ల సైట్‌లో రిపోర్టులు వివరంగా పెడతారు.

జాగ్రత్త: కాలేజీ సీజన్‌ని రెండు సంవత్సరాలతో రాస్తారు, 2019-20 అన్నట్టు. "2021 టైటిల్" అంటే 2020-21 సీజన్ అని. ఇది తెలీక పక్క సీజన్ పేజీ తెరిచి, ఇందులో టైటిల్ లేదేంటి అని అడిగేవాళ్లు చాలామంది.

స్టెప్ 2: రోస్టర్ తీసి పేర్లు కాపీ చేసుకోండి, ఏ ఇయరో కూడా

ప్రతి పేరు పక్కన ఫ్రెష్‌మన్, సోఫమోర్, జూనియర్, సీనియర్ అని ఉంటుంది. మన లెక్కలో ఫస్ట్ ఇయర్ నుంచి ఫైనల్ ఇయర్. కొన్నిచోట్ల "రెడ్‌షర్ట్" అని కనపడుతుంది, అంటే ఆ కుర్రాడు ఒక సీజన్ ఆడకుండా పక్కన కూర్చున్నాడు, ఆ ఏడాది అతని ఖాతాలో ఖర్చవ్వలేదు అని అర్థం. సాహిత్ అలాగే 2018-19 మొత్తం మణికట్టు సర్జరీ వల్ల ఆడలేదు. ఆ ఏడాది రిజల్ట్స్‌లో అతని పేరు వెతికితే దొరకదు. డేటా పోయిందనుకోకండి, మనిషే ఆడలేదు.

ఇంకోటి, ట్రాన్స్‌ఫర్లు. ఇప్పుడు కుర్రాళ్లు కాలేజీ మారడం మామూలైపోయింది. డిలన్ మెనాంటే 2021లో పెప్పర్‌డైన్‌కి టైటిల్ గెలిపించిన ఐదుగురిలో ఒకడు, తర్వాత నార్త్ కరోలినాకి వెళ్లిపోయాడు. అలాంటివాళ్లని మీ లిస్టులో పెట్టాలా వద్దా అనేది మీ ఇష్టం, నేనైతే పెడతా, మన దగ్గర చదివి పక్క కాలేజీకి పోయినోడు మనోడు కాకుండా పోతాడా. పేరు పక్కన "మారాడు, 2022" అని రాస్కుంటే చాలు. అందుకే రోస్టర్‌ని సెప్టెంబర్‌లో ఒకసారి, జనవరిలో ఇంకోసారి చూడండి.

స్టెప్ 3: టీమ్ స్కోర్ ఎలా లెక్కేస్తారో ఒకసారి చేత్తో చేసి చూడండి

అందరూ తడబడేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. ఒక్కో టీమ్ నుంచి ఐదుగురు ఆడతారు, ప్రతి రౌండ్‌లో (రౌండ్ అంటే 18 హోల్స్) బెస్ట్, అంటే తక్కువ షాట్లు పట్టిన నాలుగు స్కోర్లే లెక్కలోకి వస్తాయి, ఐదోది తీసేస్తారు. ఉదాహరణకి ఒక రౌండ్‌లో ఐదుగురి స్కోర్లు 68, 70, 71, 73, 79 అనుకోండి. 79 పోయింది. మిగతావి కలిపితే 282. కోర్సు పార్, అంటే ఒక రౌండ్‌కి పట్టాల్సినన్ని షాట్లు, 72 అయితే నలుగురికి 288, కాబట్టి టీమ్ ఆరు అండర్, అంటే పార్ కన్నా ఆరు తక్కువ. అంతే లెక్క.

ఇందులో మెలిక ఏంటంటే ఏ స్కోర్ తీసేస్తారో ప్రతి రౌండ్‌కీ మారుతుంది. మొదటి రౌండ్‌లో 79 కొట్టినోడు రెండో రౌండ్‌లో 66 కొడితే అది లెక్కలోకి వచ్చేస్తుంది. చాలామంది మూడు రౌండ్ల మొత్తం చూసి చివర ఉన్నవాణ్ణి తీసేసి కూడతారు, టోటల్ కలవదు, సైట్ తప్పు అంటారు. తప్పు సైట్‌ది కాదండి.

ఇంకో మెలిక: కొన్ని టోర్నమెంట్లలో ఒక టీమ్ ఐదుగురితో పాటు ఆరో కుర్రాణ్ణి "ఇండివిడ్యువల్"గా ఆడిస్తారు. అతను ఎంత బాగా ఆడినా టీమ్ స్కోర్‌లో కలవదు. టీమ్ పేజీలో మీ కుర్రాడు లేకపోతే ఇండివిడ్యువల్ లీడర్‌బోర్డ్ తెరిచి వెతకండి, అక్కడ దొరుకుతాడు.

స్టెప్ 4: లైవ్ చూసేటప్పుడు టైమ్ లెక్క

కాలిఫోర్నియాలో ఉదయం 8:30కి మొదలైతే మనకి మార్చి నుంచి నవంబర్ మొదటి వారం దాకా రాత్రి 9 గంటలు, చలికాలంలో రాత్రి 10. అంటే తేడా పన్నెండున్నర గంటలు, లేదా పదమూడున్నర. మార్చిలో రెండో ఆదివారం, నవంబర్‌లో మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు మార్చుకుంటారు. హవాయిలో మాత్రం మార్చరు, అక్కడ ఏడాది పొడవునా మనకీ వాళ్లకీ పదిహేనున్నర గంటలు. అందుకే ఊరు రాసుకోమన్నా.

చాలా కాలేజీ టోర్నమెంట్లు మొత్తం 54 హోల్స్, వాటిలో మొదటి రోజే 36 ఆడించేస్తారు. బ్యాగ్ మోసుకుంటూ రోజంతా నడుస్తారు పాపం. పైగా షాట్‌గన్ స్టార్ట్ ఎక్కువ, అంటే అందరూ ఒకే టైమ్‌కి వేరే వేరే హోల్స్ మీద మొదలుపెడతారు. ఒకడు 1వ హోల్, ఒకడు 14వ హోల్. కాబట్టి లీడర్‌బోర్డ్‌లో "9 అయ్యాయి" అని ఉంటే అది మొదటి తొమ్మిదే అనుకోవద్దు. ఈజీ హోల్స్ అయిపోయినోడు పైన కనపడతాడు, కష్టమైనవి దాటేసినోడు కూడా పైన కనపడొచ్చు, ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు. స్కోర్‌కార్డ్ తెరిచి ఏ హోల్స్ మిగిలాయో చూడండి.

నిద్ర ముఖ్యం అనుకునేవాళ్లకి: లైవ్ వదిలెయ్యండి, పొద్దున్నే కాఫీతో పాటు ఫైనల్ స్కోర్ చూడండి. నేను వారం మధ్యలో అదే చేస్తా.

స్టెప్ 5: ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాత్రం మిస్ అవ్వొద్దు

ముందు కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే గ్రూపు) టోర్నమెంట్, పెప్పర్‌డైన్ ఉన్నది వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్. అది గెలిస్తే రీజినల్స్‌కి డైరెక్ట్ ఎంట్రీ, లేకపోతే సీజన్ మొత్తం ఆటని చూసి కమిటీ సెలెక్ట్ చెయ్యాలి. మగవాళ్ల రీజినల్స్ మేలో ఆరు చోట్ల జరుగుతాయి, మొత్తం 81 టీమ్‌లు, ఒక్కో చోట నుంచి పైన ఉన్న 5 టీమ్‌లు నేషనల్స్‌కి వెళ్తాయి. అంటే 30. ఇక్కడ మొదటి ప్లేస్ అవసరం లేదు, ఐదో ప్లేస్ చాలు. అందుకని రీజినల్ చివరి రోజున మీ కళ్లు ఐదు, ఆరు స్థానాల మధ్య గ్యాప్ మీద ఉండాలి, లీడర్ ఎవరైతే ఏంటి.

నేషనల్స్‌లో 30 టీమ్‌లు 54 హోల్స్ ఆడాక సగం ఇంటికి, 15 టీమ్‌లు మిగులుతాయి. 72 హోల్స్ అయ్యాక ఇండివిడ్యువల్ ఛాంపియన్ తేలతాడు, టీమ్‌లలో పైన ఉన్న 8 మ్యాచ్ ప్లేకి వెళ్తాయి. అక్కడి నుంచి కథ మొత్తం మారిపోద్ది. ఐదుగురు ఐదుగురితో ఒక్కొక్కరుగా తలపడతారు, మూడు గెలిచిన టీమ్ ముందుకి. అప్పటిదాకా ఇరవై షాట్లు ముందున్నా లాభం లేదు, లెక్క సున్నా నుంచి మొదలు. ఈ మ్యాచ్ ప్లే పద్ధతి 2009లో వచ్చింది. 2021లో పెప్పర్‌డైన్ గెలిచింది ఇలాగే, ఆరిజోనాలో స్కాట్స్‌డేల్ దగ్గర గ్రేహాక్ కోర్సులో, ఫైనల్‌లో ఒక్లహోమా మీద 4-1. అప్పుడు కోచ్ మైకేల్ బియర్డ్.

ఇప్పుడు ఒక పెద్ద తప్పు గురించి చెప్పాలి, నేను ఎక్కువసార్లు సరిచేసింది ఇదే. సాహిత్ ఆ 2021 టీమ్‌లో లేడు. అతను 2020లోనే బయటికొచ్చి ప్రో అయిపోయాడు. అతని చివరి సీజన్‌లో పెప్పర్‌డైన్ నంబర్ వన్ ర్యాంక్‌లో ఉండగా మార్చి 2020లో కోవిడ్ వల్ల సీజనే ఆపేశారు, నేషనల్స్ జరగనే లేదు. అదే ఏడాది అతనికి హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ అవార్డులు మూడూ వచ్చాయి. కాలేజీ గోల్ఫ్‌లో అంతకన్నా ఇవ్వడానికి ఇంకేం లేదు. కానీ టైటిల్ మాత్రం చేతికి రాలేదు. నాకైతే 2019-20 పేజీ తెరిచినప్పుడల్లా కడుపులో ఏదోలా ఉంటది.

స్టెప్ 6: బయటికి వెళ్లేవాళ్లు ఎక్కడికి వెళ్తారో ముందే కనిపెట్టండి

ఫైనల్ ఇయర్ కుర్రాళ్లకి పీజీఏ టూర్ యూనివర్సిటీ అనే ర్యాంకింగ్ ఒకటి ఉంది, 2020లో ప్రకటించారు. ఫైనల్ లిస్టులో ఫస్ట్ వచ్చినవాడికి నేరుగా పీజీఏ టూర్ కార్డ్ (అంటే ఆ టూర్‌లో ఆడే హక్కు), ఆ తర్వాత ఉన్నవాళ్లకి కార్న్ ఫెర్రీ టూర్, ఇంకా కింద ఉన్నవాళ్లకి పీజీఏ టూర్ అమెరికాస్. ఫస్ట్ ప్లేస్‌కి డైరెక్ట్ కార్డ్ అనేది 2023లో మొదలైంది, టెక్సాస్ టెక్ నుంచి లుడ్విగ్ ఓబర్గ్ మొదటివాడు. స్ప్రింగ్‌లో ఈ లిస్టు వారానికోసారి చూస్తే జూన్‌లో ఎవరు ఏ టూర్‌లో తేలతారో మీకే ఐడియా వచ్చేస్తుంది.

లిస్టులో లేనివాళ్ల సంగతి? క్యూ-స్కూల్ (టూర్ కార్డ్ కోసం ఆడే పోటీ), మండే క్వాలిఫయింగ్ (ఆ వారం టోర్నమెంట్‌లో చోటు కోసం ఆడే పోటీ), చిన్న చిన్న టూర్లు. అక్కడ ఫాలో అవ్వడం కష్టం, నేను నెలకోసారి పేరు కొట్టి వెతుకుతా అంతే.

జాగ్రత్త: అమెచ్యూర్‌గా ఉన్నన్నాళ్లు కుర్రాడు వరల్డ్ అమెచ్యూర్ ర్యాంకింగ్‌లో ఉంటాడు, ప్రో అవ్వగానే అందులోంచి మాయం. అయ్యో ర్యాంక్ పోయింది అనుకోకండి, ఇక మీదట అతన్ని అఫీషియల్ వరల్డ్ గోల్ఫ్ ర్యాంకింగ్‌లో వెతకాలి, రెండూ వేరు వేరు.

స్టెప్ 7: ఒక్కో మనిషికి ఒక పేజీ

నా నోట్‌బుక్‌లో ప్రతి పేజీకి ఐదే గడులు: ఏ ఏడాదుల్లో పెప్పర్‌డైన్‌లో ఆడాడు, ఎప్పుడు ప్రో అయ్యాడు, ఇప్పుడు ఏ టూర్ కార్డ్, గెలిచినవి, ఒంట్లో బాగుందా లేదా. ఆఖరిది నవ్వులాటకి కాదు, చెప్తా.

సాహిత్ పేజీ ఇలా ఉంటుంది. 2020లో ప్రో. 2021 కార్న్ ఫెర్రీ ఫైనల్స్ ద్వారా పీజీఏ టూర్ కార్డ్. 2023 సెప్టెంబర్‌లో నాపాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్, మొదటి పీజీఏ టూర్ గెలుపు. 2024లో సీజన్ ఆఖరి పెద్ద టోర్నమెంట్ టూర్ ఛాంపియన్‌షిప్‌లో మూడో స్థానం, అదే ఏడాది మాంట్రియల్‌లో ప్రెసిడెంట్స్ కప్ గెలిచిన అమెరికా టీమ్‌లో చోటు. ఆ టూర్ ఛాంపియన్‌షిప్ శనివారం బంకర్‌లో (ఇసుక గుంటలో) కర్ర వెనక్కి తీసేటప్పుడు ఇసుక తగిలిందని తనంతట తనే చెప్పి రెండు షాట్ల పెనాల్టీ వేయించుకున్నాడు, దాన్ని నేను ఎర్ర ఇంకుతో రాసుకున్నా. 2025లో మెడ గాయం, కొంతకాలం ఆటకి దూరం. ఇప్పుడు ఆ ఐదో గడి ఎందుకో అర్థమైంది కదా. గాయం సంగతి రాసుకోకపోతే ర్యాంక్ పడిపోవడం చూసి కుర్రాడి పని అయిపోయింది అని మనమే తీర్పులిచ్చేస్తాం.

2021 టీమ్ నుంచి ఇద్దరు 2025లో పీజీఏ టూర్‌లో గెలిచారు. జో హైస్మిత్ మార్చి మొదట్లో ఫ్లోరిడాలో కాగ్నిజెంట్ క్లాసిక్ గెలిచాడు. శుక్రవారం సరిగ్గా కట్ లైన్ (రెండు రౌండ్లయ్యాక దీనికి కింద ఉన్నవాళ్లు ఇంటికే) మీద గట్టెక్కి, శని ఆదివారాలు 64, 64 కొట్టి! విలియం మౌ జులైలో కెంటకీలో ఐస్కో ఛాంపియన్‌షిప్ గెలిచాడు, ఆఖరి రౌండ్ 61.

ఈ రెండు గెలుపుల్నీ ఒకేలా రాసుకోవద్దు. ఐస్కో జరిగింది స్కాటిష్ ఓపెన్ జరిగిన వారమే, పెద్ద ఆటగాళ్లంతా అక్కడుంటారు. ఇలాంటి పక్క టోర్నమెంట్ గెలిస్తే ఫెడెక్స్ కప్ పాయింట్లు (పీజీఏ టూర్ సీజన్ పాయింట్లు) తక్కువ, గోల్ఫ్‌లో అతిపెద్ద టోర్నమెంట్లలో ఒకటైన మాస్టర్స్ పిలుపు రాదు. హైస్మిత్‌కి మాత్రం ఆ గెలుపుతో అదే ఏప్రిల్‌లో మాస్టర్స్ ఆడే ఛాన్స్ వచ్చింది. గెలుపు గెలుపే, కాదనట్లేదు, కానీ తర్వాతి ఏడాది షెడ్యూల్‌లో తేడా కనపడుద్ది.

పాతవాళ్లకి కూడా పేజీలు తియ్యండి. 1997 టైటిల్ టీమ్‌లో జేసన్ గోర్ ఉన్నాడు. 2005లో యూఎస్ ఓపెన్ ఆఖరి రోజు ఆఖరి జోడీలో ఆడాడు, అదే ఏడాది నేషన్‌వైడ్ టూర్‌లో వరసగా మూడు గెలిచి పీజీఏ టూర్‌కి ప్రమోషన్ కొట్టి, అక్కడ 84 లంబర్ క్లాసిక్ కూడా గెలిచేశాడు. నేషన్‌వైడ్ టూర్ ఎక్కడుంది అని వెతక్కండి, అదే తర్వాత వెబ్ డాట్ కామ్ టూర్, ఇప్పుడు కార్న్ ఫెర్రీ టూర్. స్పాన్సర్ మారినప్పుడల్లా పేరు మారుద్ది, మన ఊళ్లో సినిమా హాళ్ల లాగా.

ఆడవాళ్ల టీమ్ ఫాలో అవుదామంటే డానియెల్ కాంగ్‌తో మొదలుపెట్టండి. 2010, 2011 రెండేళ్లూ యూఎస్ ఉమెన్స్ అమెచ్యూర్ గెలిచింది, 2017లో ఉమెన్స్ పీజీఏ ఛాంపియన్‌షిప్. ఆవిడకి ఎల్‌పీజీఏ (ఆడవాళ్ల ప్రో టూర్) సైట్ చూడాలి, పీజీఏ టూర్ యాప్‌లో దొరకదు.

స్టెప్ 8: సోమవారం అరగంట

ఇండియాలో సోమవారం పొద్దున్నకి అమెరికాలో ఆదివారం ఆట దాదాపు అయిపోయి ఉంటుంది. వరసగా పీజీఏ టూర్, కార్న్ ఫెర్రీ, అమెరికాస్ మూడు లీడర్‌బోర్డులు తెరిచి మీ పేర్లు వెతకండి. ఒక్కో పేరుకి ఒక్క లైన్: టోర్నమెంట్, స్థానం, అంతే. కట్ మిస్ అయితే "కట్", మధ్యలో తప్పుకుంటే "డబ్ల్యూడీ". ఈ రెండింటినీ కలపొద్దు. కట్ మిస్ అంటే ఆట కుదరలేదు, డబ్ల్యూడీ అంటే చాలాసార్లు ఒంట్లో బాలేదు. డబ్ల్యూడీ కనపడితే కారణం వెతికి ఐదో గడిలో పడేయండి.

శుక్రవారం రాత్రి స్కోర్ చూసి ఎవర్నీ కొట్టేయకండి, హైస్మిత్ సంగతి పైనే చెప్పా.

రాసింది కరెక్టో కాదో చెక్ చేసుకోవడం

నెలకోసారి ఇవి చేస్తే చాలు.

- టీమ్ స్కోర్: ఏదో ఒక టోర్నమెంట్ తీసుకుని ప్రతి రౌండ్‌లో బెస్ట్ నాలుగు విడివిడిగా కూడి, తర్వాత మూడు రౌండ్లూ కలపండి. సైట్ టోటల్‌తో కలిస్తే మీ పద్ధతి కరెక్ట్. కలవకపోతే ముందు ఇండివిడ్యువల్‌గా ఆడినవాణ్ణి టీమ్‌లో కలిపేశారేమో చూడండి, నూటికి తొంభై సార్లు అదే.
- ఒక కుర్రాడి రిజల్ట్: కాలేజీ సైట్‌లోనూ స్కోర్‌బోర్డ్‌లోనూ ఒకటే ఉండాలి. టోర్నమెంట్ జరుగుతుండగా పెట్టిన వార్తల్లో స్థానాలు తర్వాత మారిపోతాయి, ఫైనల్ అయ్యాకే రాయండి. చాలా పాత వ్యాసాల్లో ఉన్న గోల్ఫ్‌స్టాట్ లింకులు తెరుచుకోకపోతే కంగారొద్దు, దాన్ని క్లిప్‌డ్ వాళ్లు కొనేశారు.
- సంపాదన: ఇక్కడ బాగా మోసపోతాం. సాహిత్‌కి 2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో మూడో స్థానానికి వచ్చింది 75 లక్షల డాలర్లు, కానీ అప్పట్లో అది బోనస్ కింద లెక్క, అఫీషియల్ ప్రైజ్ మనీ లిస్టులో కలవలేదు. రెండు చోట్ల రెండు అంకెలు కనపడితే రెండూ కరెక్టే అవ్వొచ్చు.
- మైనస్ ప్లస్ గుర్తులు: గోల్ఫ్‌లో మైనస్ మంచిది, ఇది అందరికీ తెలుసు. కానీ 2018లో పెప్పర్‌డైన్ పూర్వ విద్యార్థి ఆండ్రూ పట్నమ్ గెలిచిన బారకూడా ఛాంపియన్‌షిప్ స్కోర్ ప్లస్ 47! అక్కడ పాయింట్ల పద్ధతి, బర్డీకి (హోల్ పార్ కన్నా ఒక షాట్ తక్కువ) పాయింట్లు వస్తాయి, బోగీకి (ఒకటి ఎక్కువ) పోతాయి, ఎక్కువ వచ్చినోడే విన్నర్. దాన్ని నలభై ఏడు ఓవర్ అని రాసుకుని అంత చెత్తగా ఆడి ఎలా గెలిచాడ్రా అని నేనే ఒక సాయంత్రం మొత్తం బుర్ర గోక్కున్నా.
- పేర్లు: టీవీలో మనోడి ఇంటిపేరుని "థీగాలా" అంటారు, ఇక్కడి పేపర్లు తీగల అని రాస్తాయి. వెతికేటప్పుడు ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తోనే కొట్టండి, తెలుగులో కొడితే గెలిచిన వారం వార్తలు తప్ప ఇంకేం రావు. పట్నమ్ అని కొట్టినప్పుడు కూడా చూసుకోండి, మైకేల్ పట్నమ్ ఆండ్రూకి అన్నయ్య, ఆయనా పెప్పర్‌డైనే, ఇద్దరి రిజల్ట్స్ కలిసిపోతాయి.

వేరే కాలేజీ ఫాలో అవ్వాలంటే?

ఇదే పద్ధతి, కాన్ఫరెన్స్ పేరు మార్చుకుంటే సరిపోద్ది. అమెరికాలో ఉన్నవాళ్లయితే మీ ఊరికి దగ్గరున్న కాలేజీ పట్టుకోండి. చాలా టోర్నమెంట్లకి టికెట్ ఉండదు, తాళ్లు కట్టి ఉండవు, కుర్రాళ్ల పక్కనే ఫెయిర్‌వే అంచున నడుచుకుంటూ చూడొచ్చు. వెళ్లే ముందు టీమ్ సైట్‌లో ప్రేక్షకుల్ని రానిస్తారో లేదో చూసుకోండి, ప్రైవేట్ క్లబ్ అయితే గేట్ దగ్గరే ఆపేయొచ్చు. బూట్లు మంచివి వేస్కోండి, 36 హోల్స్ అంటే పది మైళ్ల పైమాటే. ఇక పీజీఏ టూర్‌లోనే ఆడే ఇంకో భారతీయ మూలాల కుర్రాడు అక్షయ్ భాటియా ఏ కాలేజీ అని అడిగేవాళ్లకి: ఏ కాలేజీ లేదు, 2019లో పదిహేడేళ్లకే ప్రో అయిపోయాడు, అతని కోసం రోస్టర్లు వెతికి టైమ్ వేస్ట్ చేస్కోకండి.